అత్త ఫోనుకు ఆఖరి అప్‌డేట్

మంగళవారం, దిబ్బూరహళ్ళి

ఈరోజు అత్త ఫోనుకు అప్‌డేట్ వచ్చింది. అంత పాత సిస్టమ్‌తో నడిచే ఫోను ఇప్పుడు ఇంకెవరి చేతిలోనూ కనబడదు. ఇదే ఆఖరి అప్‌డేట్ అని కూడా రాశారు. ఇంకా ఇదొకటి అవసరమా అనుకుంటూనే చార్జర్ పెట్టి, నొక్కి, పట్టుపురుగులకు ఆకు కోయడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి చార్జర్ ఊడి ఉంది. అప్‌డేట్ మధ్యలో ఆగితే ఫోనే పాడైపోతుంది.

"వైరు ఎవరత్తా తీసింది?"

"నేనే తీస్తినమ్మా. కదలకుండా కూచోనుండాది పాపం. పొర ఇడిచే పురుగుకు ఆకు ఏస్తామా యాడన్నా?"

పొర విడిచేటప్పుడు పట్టుపురుగు కదలదు, మేయదు; ఫోనూ అలాగే ఉందని అత్త లెక్క. మళ్లీ పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. చార్జింగ్ సగం ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. ఇద్దరం పక్కనే కూర్చున్నాం, పురుగుల తట్ట దగ్గర కూర్చున్నట్టే, గట్టిగా మాట్లాడకుండా.

చాలాసేపటికి ఫోను వెలిగింది. అత్తకు చదువు రాదు. బాగేపల్లిలోని చెల్లెలితో ఫోటో నొక్కే మాట్లాడుతుంది. ఆ ఫోటో ఉన్నచోటే ఉంది. ఇక అప్‌డేట్లు రావని మెల్లగా చెప్పాను. దిగులుపడుతుందేమో అనుకున్నాను.

"ఆఖరి పొర ఇడిచినంకే కదమ్మా పురుగు ఆకలిగా మేసేది. వైరు పెట్టు."