ఒంటి చెప్పు

పారమ్మొదినా,

రొమ్ము కాన్సరుకి మనిద్దరికీ పక్కపక్క మంచాల మీదే మందెక్కించారు. నువ్వు పోయావు. నాకు ఆ మందు తెచ్చిన తిమ్మిరి పాదాల్లో ఉండిపోయింది.

నిన్న రామతీర్థంలో దర్శనం చేసుకుని బస్సుకి నడుస్తుంటే ఎడమకాలి చెప్పు ఎక్కడో జారిపోయినట్టుంది. తెలియక ఒంటి చెప్పుతోనే బస్సెక్కేశాను.

"ఏటే ఈ యేషం? మల్లీ ఏటి నాటకం?" అని మా తోటికోడలు పగలబడి నవ్వింది. బస్సంతా నవ్వింది.

"కొత్త ఫేషనక్కా, నీకేటి తెలుస్తాది!" అన్నాను. జన్మంతా జనాన్ని ఆటపట్టించినదాన్ని, నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

నువ్వుంటే ముందు నా పాదం ఒళ్లో పెట్టుకుని చూసేదానివి. ఇంటికొచ్చి నేనే తిప్పి చూసుకున్నాను. గాజుపెంకు లోపలికంటా దిగి ఉంది. నొప్పే లేదొదినా.