బటన్ వదల్లేదు

అమీర్‌పేట,
ఆదివారం.

ప్రియమైన కేదార్ అన్నయ్యా,

ఈ ఉత్తరం నీ చేతికి రాకముందే జైలువాళ్ళు చదువుతారని తెలుసు. చదవనీ. ములాఖత్‌లో నీ మొహం చూస్తూ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఎండల్లో ఈ పొడుగు చేతుల చొక్కా ఏంటని పోయినసారి అడిగావు. ఫ్యాషన్ అన్నాను. ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. మోచేతుల దాకా వాతలు.

మా వీర్రాజు సారు కొడతాడు. మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు మా పైలట్ ట్రైనింగ్ సెంటర్. నిజం విమానం ఎక్కేముందు సిమ్యులేటర్‌లో, అంటే విమానం ముందుభాగంలా కట్టిన గదిలో, సాధన చేయిస్తారు. మబ్బులో బయట ఏమీ కనపడనప్పుడు ఎదురుగా ఉన్న మీటర్లనే నమ్ముకుని రన్‌వే దాకా దిగాలి. అందుకని బయట కనపడకుండా నెత్తిన ముసుగు టోపీ పెడతారు. పక్క సీట్లో సేఫ్టీ పైలట్ ఉంటుంది. నా బదులు బయటికి చూసేది ఆమే, ముప్పు వస్తే విమానాన్ని తన చేతిలోకి తీసుకునేదీ ఆమే. ఆ సీట్లో నా రూమ్మేట్ హైందవి కూర్చుంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల.

సారు వెనక నిలబడి, ఎయిర్‌పోర్టు టవర్ వాళ్ళు మాట్లాడినట్టు రేడియోలో ఎత్తూ దిక్కూ చెబుతాడు. అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. ఒక్క అంకె తప్పితే స్టీలు స్కేలు అంచు దిగుతుంది. ముసుగులో ఉన్నదానికి దెబ్బ మెడ మీద పడుతుందో వేళ్ళ మీద పడుతుందో తెలియదు. ఉలిక్కిపడితే విమానం వంగుతుంది, వంగినందుకు ఇంకొకటి. మొన్న శుక్రవారం జుట్టు పట్టుకుని నుదురు మీటర్ల పలకకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి కారుతుంటే, "మబ్బులో ఎవడూ ఓదార్చడమ్మా, దిగు" అన్నాడు. దిగాను. హైందవి తెరకేసి చూస్తూ కూర్చుంది. వాడి మీదకన్నా దాని మీదే ఎక్కువ మండింది నాకు.

మానేద్దామంటే ఆయన సంతకం లేనిదే లైసెన్సు పరీక్షకి వెళ్ళలేను. తిరగబడితే పోలీసు కేసు. కేసున్నదానికి విమానం ఎవరిస్తారు? ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాదు. మా సీట్ల మధ్య మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది. రేపు స్కేలు లేస్తే దాంతో వాడి తల పగలగొడతాను. పంజాగుట్ట చౌరస్తాలో బండి తగిలించినవాణ్ణి నువ్వు కొట్టి జైలుకి వెళ్ళినప్పుడు నీకు బుద్ధి లేదని తిట్టాను. నీ రక్తమే నాలోనూ ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అమ్మని నువ్వే ఓదార్చాలి.

నీ చెల్లెలు,
భానుశ్రీ


అమీర్‌పేట,
బుధవారం.

అన్నయ్యా,

కంగారు పడకు, నేను బయటే ఉన్నాను. వాడి తల పగిలింది. పగలగొట్టింది నేను కాదు.

సోమవారం ముసుగు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి తప్పుకే స్కేలు పడింది. చెయ్యి సిలిండర్ దాకా వెళ్ళింది. అప్పుడు తోచింది, నేను కొడితే వాడి గాయం లోకమంతా చూస్తుంది, నావి ఎవరూ చూడరు. మా ముందుగదిలో ఒక స్పీకర్ ఉంది. అడ్మిషన్ కోసం వచ్చిన తల్లిదండ్రులు మేం రేడియోలో దంచే ఇంగ్లీషు విని మురిసిపోవాలని సారే పెట్టించాడు. మాట్లాడేటప్పుడు పిడి మీదున్న మైకు బటన్ బొటనవేలితో నొక్కాలి, ముగియగానే వదలాలి. వదలకపోతే ఆ లైన్లో ఇంకెవరి మాటా వినపడదు, మన దగ్గరి చప్పుడంతా ఆ స్పీకర్లోకి వెళ్తుంది. మాకు మొదటిరోజే నేర్పే జాగ్రత్త అది. నేను నొక్కి, వదల్లేదు.

రేడియోలో తన మాట నాకు అందట్లేదని తెలియక, బదులు చెప్పవేమని వాడు రెచ్చిపోయాడు. రేడియో వదిలేసి, నేరుగా నా చెవి దగ్గరే అమ్మనీ నిన్నూ కలిపి తిట్టాడు. స్కేలు వంకరపోతే చేత్తో కొట్టాడు. పెదవి చిట్లింది. నేను గట్టిగానే ఏడ్చాను. బొటనవేలు మాత్రం తియ్యలేదు. ఎవరైనా తలుపు తీస్తారని ఎదురుచూశాను.

తీశారు. నర్సింహులు అనే పెద్దమనిషి, కూతురు అనుపమని వెంటబెట్టుకుని చేర్పించడానికి వచ్చాడు. నేను ముసుగు లాగేసి రక్తం మొహంతో ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడలేదు.

"అన్నీ ఇన్న సార్. గిట్ల జర గట్టిగ చెప్పేటోళ్ళుంటెనే పిల్లలు దారిల పడ్తరు" అన్నాడు.

వీర్రాజు నవ్వాడు. నవ్వుతూనే, ఆయన ముందే, ఆ వంకర స్కేలుతో మళ్ళీ కొట్టాడు. నాలో ఏదో చచ్చిపోయింది అన్నయ్యా. సిలిండర్ సంగతి కూడా గుర్తు లేదు.

పక్క సీట్లోంచి హైందవి లేచింది. "ఐ హ్యావ్ కంట్రోల్" అంది. ముప్పు వచ్చినప్పుడు విమానాన్ని తన చేతిలోకి తీసుకుంటూ సేఫ్టీ పైలట్ అనాల్సిన మాట అది. ఇన్నాళ్ళలో ఆ పిల్ల గొంతు అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. సిలిండర్ ఎత్తి వాడి నెత్తిన వేసింది. వాడు కుప్పకూలాడు. మళ్ళీ ఎత్తింది. ఆ రెండోది పడితే చచ్చేవాడే. వెనక నుంచి వాటేసుకుని ఆపాను. చంపుతానని బయల్దేరిన నేనే వాణ్ణి కాపాడాల్సి వచ్చింది, చూశావా?

మేమే నడుచుకుంటూ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి జరిగింది చెప్పాం. మర్నాడు అందర్నీ పిలిచారు. వీర్రాజు తలకి కట్టుతో వచ్చి, ఆడపిల్లలు ఊరికే మీద పడ్డారన్నాడు. స్పీకర్లో విన్నది పాఠమేనని నర్సింహులు చెప్పాడు. ఎస్సై గారు రాసుకుంటున్నారు. మా పని అయిపోయిందనుకున్నాను.

తండ్రి వెనక నిలబడ్డ అనుపమ ముందుకొచ్చింది.

"పాఠం కాదు సార్, దెబ్బలే. ఆ సప్పుడు నాకెరికే. మా ఇంట్ల సుత గదే సప్పుడు."

నర్సింహులు చెయ్యి లేచింది. స్టేషన్లో అందరూ పని ఆపి ఆ చేతినే చూశారు. దాన్ని దించడం ఆయనకి చేతకాలేదు. ఎస్సై గారు ఆ పిల్లకి కుర్చీ వేయించి, మొదటి నుంచీ చెప్పమన్నారు.

వీర్రాజు మీద కేసు రాశారు, హైందవి మీదా రాశారు. దానికి లైసెన్సు వస్తుందో రాదో తెలియదు. దాని తరఫున సాక్ష్యం చెప్పడానికి కోర్టుల చుట్టూ తిరిగితే నా పరీక్షా వెనకబడుతుంది. పడనీ. అనుపమకి పద్దెనిమిది నిండాయి, ఇంటికి వెళ్ళనంది. మా గదిలోనే ఉంది. తలుపు చప్పుడైతే చేతులు తల మీద పెట్టుకుంటోంది, మేం పేరు పెట్టి పిలిచాక దించుతోంది.

వీర్రాజుని ఏం చెయ్యాలా అని నువ్వు అక్కడ కూర్చుని ఆలోచించకు. చేస్తున్నాం.

ప్రేమతో, నీ చెల్లెలు
భాను