బొడ్డు కింది కుట్టు

ఎల్లారెడ్డి,
ఆగస్టు 2012

నా బంగారు అక్క తారకు,

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉంటుంది, అందుకే ఉత్తరం. ఇది బావకు చదివి వినిపించకు.

మిల్లులో బస్తాలు మోసీ మోసీ ఆయనకు గజ్జల్లో బుడిపె వచ్చింది కదా, హెర్నియా. పోయిన వారం కామారెడ్డిలో ఆపరేషన్ చేసి మరునాడే పంపేశారు. కట్టు మార్చేటప్పుడు చూశాను. గజ్జల్లో గీత కూడా లేదు! బొడ్డు కింద ఒక కుట్టు, దాని కింద ఇంకో రెండు చిన్నవి. క్యాంపులో నీకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు బొడ్డు దగ్గర ఇలాంటి కుట్టే కదా పడింది? పక్కింటి దేవయ్యకు ఇదే జబ్బుకు గజ్జల్లో జానెడు కోత పెట్టారు. నేనేమైనా చిన్నపిల్లనా?

ఆపరేషన్‌కు ముందు నన్ను మందులు తెమ్మని పంపి, ఆయన డాక్టరుతో గుసగుసలాడాడు. నేను రాగానే ఇద్దరూ నోరు మూశారు. మా అత్త సంగతి నీకు తెలియనిదా? "ఇద్దరు మొగపిల్లలున్నరు, ఇంకేం గావాలె?" అంటూనే ఉంటుంది. వాళ్లు చనిపోయిన మొదటి భార్య పిల్లలు. కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాను, కానీ నా కడుపున ఒక్కరు పుట్టొద్దా? తల్లీకొడుకులు కలిసి నాకు ఆ దారి మూసేశారని నా అనుమానం.

సోమవారం మళ్లీ చూపించుకోవాలి. నేనూ వెంట పోతాను. నిజమైతే అటునుంచి అటే నీ దగ్గరికి వచ్చేస్తాను.

నీ చెల్లెలు,
గంగమణి


ఎల్లారెడ్డి,
మంగళవారం

అక్కా,

నాకోసం ఎదురు చూసి ఉంటావు. రాలేదు. తిట్టకుండా చదువు.

డాక్టరు ముందే అడిగేశాను. "సార్, జబ్బు గజ్జల్ల ఉంటే బొడ్డు కాడ ఎందుకు కోసిన్రు? పిల్లల ఆపరేషన్ చేసిన్రా?" మా ఆయన తల దించుకున్నాడు.

డాక్టరు నవ్వలేదు. బొడ్డు కింది రంధ్రంలోంచి కెమెరా, మిగతా రెండింట్లోంచి పనిముట్లు పోతాయట. చీర చిరిగితే మనం లోపలి వైపు అతుకు వేసినట్టు, కండ చిరిగిన చోట లోపలి నుంచి వల లాంటి జాలీ పరుస్తారట. ఆయన్ను దగ్గమని, నా చెయ్యి గజ్జల మీద పెట్టించాడు. బుడిపె రాలేదు.

"పిల్లల నరం జోలికి పోలేదమ్మా. ఆ రోజు మీ ఆయన గూడ చాటుకు పిలిచి గిదే అడిగిండు. దీంతోని ఇగ పిల్లలు కాకుంటే ఆపరేషనే వద్దు, నొప్పి భరిస్త అన్నడు."

అక్కా, సిగ్గుతో చచ్చిపోయాను.

ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆయన కిటికీ వైపే ముఖం పెట్టి కూర్చున్నాడు. బస్సు దిగాక నేనే అడిగాను, "నాతోని ఎందుకు చెప్పలే?"

"ఇద్దరు పరాయి పిల్లల్ని సాదుతున్నవ్. ఇంకొకల్ని గూడ కనుమని ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

"పరాయోళ్లా?" అన్నాను. బస్టాండులో అందరూ తిరిగి చూశారు. "ఇంకోసారి నా పిల్లల్ని ఆ మాటన్నవంటే ఊకోను."

ఆయన ఏడ్చాడక్కా, అందరి ముందే.

నీ
గంగ