పసుపు రంగుకి మారిన బోరు నీళ్ళు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున్నే అనకాపల్లిలో బస్సు మారి మన ఊరు వచ్చాను. ఆరేళ్ళు ల్యాబులో కూర్చుని నేను తయారుచేసిన ద్రావణం చిన్న సీసాలో తెచ్చాను. "అదేటి సేత్తాదే?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడివి. అందులోని అణువు నీళ్ళలోని ఫ్లోరైడును హైడ్రోజన్ బంధాలతో, రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. పట్టుకుంటే నీళ్ళు పసుపు రంగుకి మారతాయి.

మన బోరు నీళ్ళు గాజుగొట్టంలో పోసి నాలుగు చుక్కలు వేశాను. అది పనిచెయ్యకూడదని నేను కోరుకోవడం ఇదే మొదటిసారి. నిమిషంలో నీళ్ళు పసుపయ్యాయి.

వదిన నా మొహం చూసి గాబరాపడింది. "ఏటమ్మా, ఏటయింది? సెప్పు."

"ఫ్లోరైడు చాలా ఉంది వదినా. ఇవాల్టి నుంచి ఈ నీళ్ళు తాగొద్దు, వీటితో వండొద్దు."

"పాపకి పుట్టినకాణ్ణించీ ఇయ్యే పడతన్నాం కదమ్మా!"

ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకల్లో చేరి మెడ, నడుము బిగుసుకుపోయేలా చేస్తుంది. చివరి రోజుల్లో నీకు మెడ వంగక, అన్నం కంచం నీ కళ్ళెదురుగా ఎత్తి పట్టుకునేవాళ్ళం. ఏ నీళ్ళు తాగుతున్నావని డాక్టరు అడగలేదు. ఇంత చదివిన నేనూ అడగలేదు.

నీ కూతుర్ని పిలిచాను. ఆరేళ్ళ పిల్ల గెంతుకుంటూ వచ్చింది. "తల వంచి గడ్డం గుండెకి ఆనించమ్మా" అన్నాను. ఆటనుకుని నవ్వుతూ వంచింది. ఆనింది.

"ఇంకోపాలి సేయనా అత్తా?" అంది.

చెయ్యమన్నాను. అది విసుగొచ్చి పారిపోయేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తూనే ఉన్నాను.