తక్కువొచ్చిన లెక్క

అప్పకు, ఖరిదా నుంచి తమ్ముడు సొలొమోను. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం.

మన ఏంజెలా కాలేజీ ల్యాబులో వాపు తగ్గించే మందు మీద పని చేస్తోంది కదా. వాపు వచ్చినచోట తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడకు అతుక్కుంటాయట. మొన్న ఆ కణాలను సన్న గాజుగొట్టంలో పారించి తీసిన రెండు వీడియోలు, మందు వేసిందొకటి, వేయనిదొకటి, చూపించి, అతుక్కున్నవి లెక్కపెట్టమంది.

"మందేసిన వీడియో ఏదమ్మా?" అన్నాను.

"సెప్పను నాన్నా. తెలిస్తే నా మందు గెలవాలని తగ్గించి రాసేస్తావు. రైల్వే యార్డులో వేగన్లు లెక్క రాసినావు కదా, అలాగే రాయి" అంది.

రాశాను. ఒకదాంట్లో అరవై రెండు, రెండోదాంట్లో పంతొమ్మిది. పంతొమ్మిదే మందు వేసినది! వాపు పెంచే పదార్థాలు కూడా తగ్గాయట.

నీ మోకాళ్ళ వాపు ఎలా ఉంది? ఇప్పటి మాత్రలు మానకు. ఈ మందు ఇంకా ల్యాబు గాజుగొట్టం దాటలేదు. ఎవరైనా ఇటు వస్తే ఎండురొయ్యలు పంపు. బావకు వందనాలు. పిల్లను దీవించు.

ముప్పై ఏళ్ళు వేగన్లు లెక్కపెట్టాను, ఒక్కటి తక్కువొచ్చినా తిట్లే తిన్నాను. లెక్క తక్కువొచ్చిందని ఒకరు నన్ను కావలించుకోవడం ఇదే మొదలు.