గది చూపించని నీ కూతురు

బావా,

రేపటి నుంచి ఇద్దరం చొక్కాలు విప్పం అని నా చేతిలో చెయ్యి వేసి మాటిచ్చావు. మన బందరు రోల్డుగోల్డు కార్ఖానాలో పని దిగేటప్పుడు, బంగారం పొడి పట్టుకుపోతున్నామేమోనని యజమాని అందరి చొక్కాలూ విప్పించి దులిపించేవాడు. మర్నాడు నేను విప్పలేదు. నువ్వు అందరికంటే ముందు విప్పావు. నా పని పోయింది.

ఇవాళ్టికి నువ్వు చనిపోయి ఏడాది. నీ కూతురు సుజాత మా వెనక గదిలోంచే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తోంది. ల్యాప్‌టాప్ కెమెరా రోజంతా దాన్ని చూస్తూనే ఉంటుంది. పొద్దున నేను కాఫీ పట్టుకెళ్ళగానే మేనేజరు ఫోన్ చేశాడు.

"వెనక ఎవరండీ? కెమెరా తిప్పి గదంతా చూపించండి."

"మా మావయ్యండీ, కాఫీ తెచ్చాడు. గది మాత్రం చూపించను."

"రూలండీ. రిపోర్ట్ చేయాల్సొస్తుంది."

"చేసుకోండి. నా పనిలో తప్పుంటే చెప్పండి. మా మంచం, దండెం మీద బట్టలూ మీకెందుకండీ?"

ఫోన్ పెట్టేసి, నుదుటి బొట్టుబిళ్ళ తీసి కెమెరా మీద అంటించింది.

"ఉద్యోగం పోతుందేమోనే," అన్నాను.

"పోతే పోనీ మావయ్యా. ముందు ఆ కాఫీ వేడిచేసి తీసుకురా, చల్లారిపోయింది."

ఇంతే బావా, ఆ రోజు నువ్వు చెయ్యాల్సిన పని. పని పోయాక ఇన్నేళ్ళలో ఎన్నో పుస్తకాలు చదివాను, నిన్ను క్షమించడానికి ఒక్క మాటా దొరకలేదు. ఆ యజమాని పేరు ఎప్పుడో మరిచిపోయాను. తప్పెవరిదని అడిగితే ఇప్పటికీ నీ పేరే చెబుతాను, వెంకటేశ్వర్లూ.