గోంగూర తప్పేం లేదు

చిన్నీ,

ఇవాళ నీ సంవత్సరీకం. నువ్వెత్తుకు తిరిగిన మన స్వాతి ఇప్పుడు నరసరావుపేటలో బయాలజీ చదువుతోంది, ఇవాళ ఇంటికొచ్చింది. గోంగూర ఒలుస్తూ, నిన్ను తీసుకుపోయిన ఆ జబ్బు గురించి దాన్ని అడిగాను.

"రక్తంలో మనల్ని కాపాడే కణాలుంటాయమ్మా. వాటికి బయటి నుంచి కబురొస్తే, వాటిలో ఊరికే ఉన్న జన్యువులు పనిలోకి దిగుతాయి. కబురు ఆగాక అవీ ఆగాలి. పిన్నికి ఆగలేదు. ఆ కణాలు సొంత ఒంటిమీదే పడ్డాయి."

"ఆ కబురు గోంగూరదేనా?"

"గోంగూరదేంది! చానామందికి ఈ జబ్బు ఎండతోనే రేగుద్ది. ఎండ తగిలితే చర్మమే ఆ కబురు పంపుద్ది."

దురద పుట్టిస్తుందని అమ్మ నీకు గోంగూర మాన్పించింది. నువ్వు నోరు కట్టుకుని, మిట్టమధ్యాహ్నం కల్లంలో మిరపకాయలు ఆరబోసేదానివి. నీ బుగ్గల మీది ఎరుపు మిరప ఘాటు వల్లేననుకున్నాం.

ఈసారి నీ విస్తట్లో గోంగూర పచ్చడి వడ్డించాను, నీకిష్టమైనట్టు వెన్న వేసి. కాకుల కోసం డాబా మీద పెట్టొచ్చాను. కాసేపాగి వెళ్ళి చూస్తే, స్వాతి ఆ విస్తరిని వాటర్ ట్యాంకు నీడలోకి జరుపుతోంది.

"కాకులకి నీడెందుకే?" అన్నాను.

"కాకులకి కాదమ్మా. పిన్నికి ఎండ పడదుగా."

అక్క